పోయినవాళ్ల చాయి

పాత ఆఫీసువాళ్ల వాట్సాప్ గుంపు ఒకటి నా ఫోన్‌లో ఇంకా కొన ఊపిరితో ఉంది. ఆ ఆఫీసు ఎప్పుడో వేరే కంపెనీలో కలిసిపోయింది. మనుషులు తలో దిక్కూ పోయారు. గుంపు మాత్రం పండగలకు లేచి శుభాకాంక్షలు చెప్పి మళ్లీ పడుకుంటుంది. మొన్న పండగేమీ లేకుండానే లేచింది. గేటు దగ్గర ఉండే సుబేదార్ సాబ్ పోయారట, కరీంనగర్ వైపు వాళ్ల ఊళ్లో. ఆ వాక్యం కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరుసకట్టాయి. నేనూ ఒక జత పెట్టబోయి ఆగిపోయాను. ఆయన చూస్తే "చేతులు మస్తుగున్నయి సాబ్, మనిషేడి" అంటాడేమో అనిపించింది.

ఆయన పేరు చాలామందికి తెలియదు. తెలిసిన నేనూ ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆయన పలికేవాడు కాదు మరి.

సైన్యంలో సుబేదారుగా రిటైరై, మాదాపూర్‌లో అద్దాల మేడ ఒకదానికి ఆయన సెక్యూరిటీ సూపర్వైజరయ్యాడు. ఆ మేడలో ఐదో అంతస్తులో నేను యూజర్ మాన్యువల్స్ రాసేవాణ్ణి. నా పాఠకులు తిట్టుకుంటూ తెరిచి, తిట్టుకుంటూ మూసేవాళ్లు. వేరే దారి ఏదైనా ఉంటే నన్ను చదివేవాళ్లే కాదు. ఏ బొత్తాం ఎప్పుడు నొక్కాలో లోకానికంతా చెప్పిన నాకు సొంత చొక్కా బొత్తాలమీద ఏనాడూ అదుపు లేదు. సుబేదార్ సాబ్‌తో పరిచయం అక్కడే మొదలైంది.

ఒక ఉదయం బయటి దేశపు పెద్దమనుషుల ముందు మాట్లాడాలని హడావిడిగా లోపలికి పోతుంటే "సాబ్, జర ఆగుండ్రి" అని వినబడింది. ఐడీ కార్డు లేదేమోనని తడుముకున్నాను. కార్డు ఉంది. ఆయన నా ఛాతీ వైపు చూస్తున్నాడు.

"గుండీ పోతున్నది."

టోపీ తీశాడు. లోపలి పట్టీకి గుచ్చిన సూది, దానికి చుట్టిన దారం బయటికొచ్చాయి. నన్ను గోడ పక్కకు నిలబెట్టి కుట్టడం మొదలెట్టాడు. వచ్చేపోయే వాళ్లంతా చూస్తున్నారు.

"ఊపిరి జర బంద్ పెట్టుండ్రి సాబ్. సూది లోపలికి పోతది."

గుండీకీ గుండెకీ మధ్య ఎంత తక్కువ దూరమో ఆ రోజు తెలిసింది. దారం పళ్లతో కొరికి, బొత్తాన్ని ఒకసారి లాగి చూసి, "ఇగ చొక్కా చిరిగినా గిది ఊడది" అన్నాడు. నిజమే. తర్వాత ఆ చొక్కా చిరిగి ఇల్లు తుడిచే గుడ్డయింది. బొత్తాం దాన్ని వదల్లేదు.

ఆయన అందరినీ సాబ్ అనేవాడు. కంపెనీ పెద్దాయన సాబ్, చెత్త బండివాడు సాబ్, ఆడవాళ్లు మేడం సాబ్. గేటు మధ్యలో పడుకునే కుక్కను కూడా "సాబ్, గాడి వస్తున్నది, పక్కకు జరుగుండ్రి" అనేవాడు. మేం ఫోన్లో ఎంత అరిచినా ఎవరూ వినని ఆ మేడలో, ఆ కుక్క మాత్రం ఆయన మాట వినేది.

దూరాన్ని చాయిల్లో చెప్పేవాడు. కొండాపూర్ ఒక చాయి దూరం, మూసాపేట రెండు చాయిలు. మధ్యలో ఎన్నిసార్లు ఆగి చాయి తాగాలనిపిస్తుందో అదే లెక్క. మంచు కొండలమీద ఏళ్లు గడిపిన మనిషి లిఫ్ట్ మాత్రం ఎక్కేవాడు కాదు. ఎప్పుడైనా ఐదో అంతస్తుకు రావలసి వస్తే మెట్లమీదే. ఎందుకని అడిగితే, "తలుపు మనం మూసుకోవాలె సాబ్. అదే మూసుకుంటే భయమైతది" అన్నాడు. సిగ్గుపడలేదు. భయమనే మాటను ఆయన దాహమనే మాటలా, మామూలుగా అనేవాడు.

కార్గిల్ యుద్ధంలో ఉన్నాడని అందరికీ తెలుసు. కొత్తగా చేరిన కుర్రాళ్లు చుట్టూ మూగి, యుద్ధంలో ఏం చేశారు సార్ అని అడిగేవాళ్లు.

"చలి పెట్టింది."

"అది సరే సార్, ఇంకా?"

"మస్తు చలి పెట్టింది."

అంతే. అక్కడితో యుద్ధం అయిపోయేది.

ఇది ఉద్యమం రోజుల సంగతి. మేడ వెనకాల చాయి బండి దగ్గర రాష్ట్రం గురించి వాదనలు రోజూ సాగేవి. క్యాబ్ డ్రైవర్లు, గార్డులు ఒకవైపు. మాది కృష్ణ ఒడ్డున ఊరు కాబట్టి, నేను ఎంత కాదనుకున్నా ఇంకోవైపు. సుబేదార్ సాబ్ తటస్థంగా ఉండే రకం కాదు. తెలంగాణ రావలసిందే, మా ఊరి చెరువు ఎండుతనే ఉన్నది అనేవాడు. ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగాను.

"మీ రాష్ట్రం వచ్చేస్తే నన్ను గేటులోంచి లోపలికి రానిస్తారా అండి?"

ఆయన చాయి ఊదుకుంటూ ఆలోచించాడు.

"ఐడీ కార్డు ఉంటే రానిస్త."

బండి చుట్టూ అందరూ నవ్వారు. నేనే కాస్త ఎక్కువసేపు నవ్వాను. భయం తీరిన నవ్వు అది.

ఆయన గురించి రాయాలని కూర్చున్నది ఇవన్నీ చెప్పడానికి కాదు. జూలైలో వచ్చే కార్గిల్ విజయ దినం గురించి. ఆ రోజు టీవీలో పూలదండలు, కవాతు, పెద్దవాళ్ల మాటలు వస్తాయి. మా చాయి బండి దగ్గర మాత్రం సుబేదార్ సాబ్ పొయ్యి తన చేతిలోకి తీసుకునేవాడు. బండివాడు ఆ పూటకు పక్కన నిలబడాల్సిందే.

ఆయనతో పనిచేసి తిరిగిరాని వాళ్లు కొందరున్నారు. వాళ్లలో ఎవరు చాయి ఎట్లా తాగేవారో ఆయనకు గుర్తుంది. ఆ రోజు వాళ్ల చాయి వాళ్ల పద్ధతిలోనే కాచి, వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టేవాడు. ఆ ఒక్క గ్లాసు తాగినంతసేపు నువ్వు ఆ మనిషివి. కేరళవాడిది పాలు లేని చాయి. మరాఠావాడిది చెంచా నిలబడేంత చక్కెర. శ్రీకాకుళం కుర్రాడిది చల్లారిపోయిన చాయి.

"మంచుల కూసొని గూడ చల్లారబెట్టుకునెటోడు సాబ్. నోరు కాలుతదని. చుట్టూ మంచు, వీడు ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంట."

గ్లాసుతో పాటు ఒక మాట కూడా ఇచ్చేవాడు. కేరళవాడు దేవుడికి దండం పెట్టేటప్పుడు ఒక కన్ను తెరిచి ఉంచుతాడు, బూట్లు ఎవరైనా ఎత్తుకుపోతారని. మరాఠావాడు పెళ్లాం ఫోటో అందరికీ చూపిస్తాడు కానీ ఎవరి చేతికీ ఇవ్వడు. ఒకసారి కొత్త గార్డు ఒకడు అమాయకంగా, ఆయన ఎట్ల చనిపోయిండు సాబ్ అని అడిగాడు.

"అది అడగద్దు బేటా. పోవుడు అందరిదీ ఒక్క తీర్గనే ఉంటది. ఉండుడే వేరే వేరే."

నాకు ప్రతి ఏడూ లద్దాఖ్ వాడి ఉప్పు చాయి వచ్చేది. ఎందుకు నాకే అని అడిగితే, వాడు కూడా మీలెక్కనే సన్నగ, మాటలు జాస్తి అన్నాడు. ఉప్పు తిన్న విశ్వాసం గురించి విన్నాను కానీ, ఉప్పు తాగిన విశ్వాసం నాకు అక్కడే పుట్టింది. మొదటిసారి కళ్లు మూసుకుని మింగాను. తర్వాత తర్వాత ఆ సన్నటి కుర్రాడు, నేనెన్నడూ చూడనివాడు, జూలై వస్తుందనగానే గుర్తొచ్చేవాడు.

మా మేడలో హౌస్ కీపింగ్‌లో యాదమ్మ అని ఒకామె ఉండేది. మెదక్ జిల్లా మనిషి, శేరిలింగంపల్లిలో రైలు పట్టాల పక్క బస్తీలో ఉండేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు నర్సింలు సైన్యంలో డ్రైవరు. కార్గిల్ అయిపోయిన కొన్నేళ్లకు, పైనున్నవాళ్లకు బియ్యం, పప్పు మోసుకుపోయే బండి కొండ దారిలో లోయలో పడి పోయాడు. జెండా కప్పిన పెట్టె ఇంటికొచ్చింది. కానీ యుద్ధంలో పోలేదు గదా అన్న మాట కూడా దాని వెనకే వచ్చింది.

ఆ మాట ఎక్కువగా అనేది పరాయివాళ్లు కాదు, ఆమె మరిది అంజయ్య. మా మేడకు నీళ్ల ట్యాంకర్ తోలేవాడు. ఒకసారి గేటు దగ్గర గార్డులు నర్సింలు సంగతి ఎత్తి, మిలిట్రీల పాణమిచ్చిండు అని ఏదో అంటుంటే, అంజయ్య ట్యాంకర్‌లోంచే అందుకున్నాడు.

"ఏం పాణం. లడాయిల పోయిండా, లారీల పోయిండు."

యాదమ్మ అక్కడే మెట్లు తుడుస్తోంది. చీపురు ఆగలేదు. తుడిచిన మెట్టునే మళ్లీ తుడిచింది. సుబేదార్ సాబ్ అంజయ్య ముఖంలోకి చూసి గేటు ఎత్తాడు.

ఆ జూలైకి మా కంపెనీ హెచ్ఆర్ వాళ్లు విజయ దినాన్ని పెద్దగా జరపాలనుకున్నారు. అమరవీరుల కుటుంబాలను వేదికమీద కూర్చోబెట్టి శాలువాలు కప్పాలని, ఒక పెద్ద మిలిటరీ అధికారిని పిలవాలని. సుబేదార్ సాబ్ యాదమ్మ పేరు చెప్పాడు. హెచ్ఆర్ మేడం సంతోషంగా ఒప్పుకుంది. యాదమ్మ ఆ వారమంతా గేటు దాటినప్పుడల్లా ఒకటే అడిగేది.

"మైకుల వాని పేరు చదువుతరా సాబ్?"

"చదువుతరమ్మా."

"అందరు ఇంటరు గద?"

ఆమెకు కావలసింది శాలువా కాదు. బస్తీవాళ్లు ఇద్దరు ముగ్గురైనా వినేటట్టు, ఆ పేరును యుద్ధంలో పోయినవాళ్ల పేర్ల పక్కన ఎవరైనా ఒకసారి చదవాలి. అంతే.

తెలుగు వచ్చినవాణ్ణని నన్ను ఉపన్యాసం రాయమన్నారు. యూజర్ మాన్యువల్ రాసేవాడికి అలంకారాలు వాడే అవకాశం జీవితంలో ఒకసారే వస్తుంది. త్యాగధనులు, మృత్యుంజయులు, రక్తతర్పణం, ఒక్కటీ వదల్లేదు. పొంగిపోతూ కిందికి దిగి సుబేదార్ సాబ్‌కు చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"మంచిగున్నది సాబ్."

"నిజంగానా అండి?"

"మస్తుగున్నది. గని ఇందుల ఒక్కడన్న దగ్గుతడా?"

కాగితం అంతా వెతికాను. అందులో పర్వతాలు కంపించాయి, దిక్కులు దద్దరిల్లాయి. దగ్గినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇంతలో ఫ్లెక్సీ వచ్చింది. మంచులో తుపాకులతో నడుస్తున్న సైనికులు, వెనక సూర్యోదయం. దాన్ని పోర్టికోలో కడుతుంటే సుబేదార్ సాబ్ దగ్గరికి వెళ్లి చూసి, "వీళ్లు మనోళ్లు కాదు" అన్నాడు. ఇంటర్నెట్‌లో మంచు, సైనికుడు అని వెతికి, మొదట దొరికిన బొమ్మను ఎవరో దింపేశారు. ఏ దేశపు సైన్యమో తెలియదు. హెచ్ఆర్ మేడం పరుగున వచ్చింది.

"అయ్యో, తీయించేస్తానండి సుబేదార్ గారూ. ఇప్పుడు వేరేది వేయించాలంటే..."

"ఉండనియ్యుండ్రి మేడం సాబ్. వాళ్లల్ల గూడ ఎవలో ఒకరు ఇంటికి పోయుండరు."

ఆమె అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. పెద్ద ఆఫీసునుంచి కబురొచ్చిందట. యుద్ధంలో ప్రాణం ఇచ్చినవాళ్ల కుటుంబాలనే వేదికమీదికి పిలవాలట, ప్రమాదాల్లో పోయినవాళ్లను కాదట.

"నాకూ బాధగానే ఉందండి. యాదమ్మకు మీరే కాస్త నెమ్మదిగా చెప్పండి. మీరైతే ఏమీ అనుకోదు."

సుబేదార్ సాబ్ తల ఊపాడు. సాయంత్రం నేను వెళ్లేటప్పుడు, చెప్పారా అని అడిగాను.

"నోరు రాలే సాబ్."

అంత పెద్ద గొంతున్న మనిషి. గేటు దగ్గర అరిస్తే మా ఐదో అంతస్తులో కర్టెన్లు కదిలేవి.

మర్నాడే విజయ దినం. అదే రోజుకు తెలంగాణ బంద్ పిలుపు వచ్చింది. పొద్దున్నే ఫోన్లు మోగాయి. అధికారి రాలేడు, బస్సులు లేవు, క్యాబులు లేవు, ఆఫీసు సెలవు, సభ రద్దు. నేను కొండాపూర్‌లో కిరాయి గదిలో కూర్చుని కాసేపు ఆలోచించాను. తర్వాత చెప్పులు వేసుకుని నడక మొదలుపెట్టాను. ఒక చాయి దూరమే కదా. పైగా ఉప్పు చాయి నేను తాగకపోతే ఆ పూట ఎవరు తాగుతారు?

రోడ్లమీద ఒక్క బండి లేదు. ఎప్పుడూ కార్ల కింద కనబడని రోడ్డు ఆ రోజు ఎంత వెడల్పో తెలిసింది. చాయి బండి మూసి ఉంది. గేటు లోపల, గార్డుల గది పక్కన రేకుల నీడలో సుబేదార్ సాబ్ స్టవ్ వెలిగించి ఉన్నాడు. పక్కన, ఇంటికి పోలేక ఉండిపోయిన ఇద్దరు గార్డులు. ఒక స్టూలు మీద యాదమ్మ.

తెల్లవారకముందే బయలుదేరి, శేరిలింగంపల్లి నుంచి నడిచి వచ్చిందట. పెట్టెలోంచి తీసిన పట్టు అంచు చీర, మడతలు ఇంకా పోలేదు. కాళ్లకు దుమ్ము. పోర్టికోలో ఫ్లెక్సీ ఉంది, కుర్చీలు లేవు, మైకు లేదు. ఆమె అప్పటికే అర్థం చేసుకున్నట్టుంది, కానీ ఆయన నోటినుంచి రావాలని కూర్చుంది. సుబేదార్ సాబ్ స్టవ్ మంట తగ్గించి లేచి, ఆమె ముందు నిటారుగా నిలబడ్డాడు.

"అమ్మా, స్టేజి లేదు. శాలువ లేదు. బంద్ లేకున్నా మీకు ఉండకపోవు. లడాయిల పోయినోళ్లకే అన్నరు. నిన్ననే చెప్పాలె. నా తప్పు."

యాదమ్మ కొంగు సర్దుకుంది.

"మా అంజయ్య ఇదే చెప్పె గద సాబ్. నేనే ఇనకపోతి."

"పేరు మాత్రం చదువుత. నేను చదువుత."

"ఎవలింటరు సాబ్?"

వినడానికి ఉన్నది ఇంతే: ఇద్దరు గార్డులు, నేను, ఒక కుక్క. ఆమె చుట్టూ చూసి, ఇక ఇంటికి పోదామన్నట్టు చెప్పులు వేసుకోబోయింది.

అప్పుడు వీధి చివర నినాదాలు వినిపించాయి. మెడల్లో కండువాలు, చేతుల్లో జెండాలతో బంద్ చేయించే గుంపు వస్తోంది. తెరిచిన ఆఫీసులు మూయిస్తూ మా గేటు దగ్గర ఆగారు. ముందున్న పొడుగాటి యువకుడు లోపల మనుషులను చూసి గొంతు పెంచాడు.

"కాకా, బంద్ రోజు ఆఫీసు నడిపిస్తున్నరా? మీరు మనోళ్లే గద."

"ఆఫీసు బందే బేటా. లైట్లు చూసుకో. పోయినోళ్ల దినం చేసుకుంటున్నం. లోపలికి రాండ్రి, చాయి తాగుండ్రి."

"ఎవలు పోయిండ్రు?"

"మిలిట్రీల పోయినోళ్లు."

ఆ కుర్రాడు వెనక్కి చూశాడు. జెండాలు దిగాయి. గేటు నిండా మనుషులు లోపలికొచ్చారు. ఆ గుంపు శేరిలింగంపల్లి వైపునుంచి వచ్చిందే. వాళ్లలో నీళ్ల ట్యాంకర్ అంజయ్య కూడా ఉన్నాడు. వదినను చూసి అక్కడే ఆగి, ఫ్లెక్సీ కట్టిన స్తంభానికి ఆనుకున్నాడు.

సుబేదార్ సాబ్ తన పద్ధతి వాళ్లకు చెప్పాడు. కేరళవాడి చాయి ఒకరికి, మరాఠావాడిది ఒకరికి. ముందున్న కుర్రాడికి శ్రీకాకుళంవాడి చల్లటి చాయి. ఆ కుర్రాడు గ్లాసు పట్టుకుని, గీ ఆంధ్ర చాయి నాకే ఇస్తివా కాకా అన్నాడు. గుంపు నవ్వింది. తాగాడు. నా ఉప్పు గ్లాసు నా చేతికి వచ్చింది. తర్వాత సుబేదార్ సాబ్ కొత్త గిన్నె పొయ్యిమీద పెట్టి యాదమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నర్సింలు చాయి ఎట్ల తాగుతడు?"

యాదమ్మ తడబడింది.

"వాడు చాయి తాగకపోవు సాబ్."

"అస్సలుకే?"

"తాగితే నల్లగైతనని. ఉన్నదే కోయిల నలుపు, ఇంకేం నల్లగైతవురా అంటే ఇనకపోవు. నేను తాగుతుంటే గూడ దూరం కూసునెటోడు, ఆవిరి తగుల్తదని."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి ఆగింది. సుబేదార్ సాబ్ గిన్నె ముందు ఇరుకున పడ్డాడు. చాయి తాగని జవాను ఆయనకు ఎన్నడూ తగల్లేదు. ఏమీ లేకుండా ఆ గ్లాసు ఎట్లా నింపాలి?

"తాగుతుండె వదినా."

స్తంభం దగ్గరినుంచి అంజయ్య. అందరూ తిరిగారు.

"అప్పట్ల నా కంకర లారీ మీద వచ్చినప్పుడు తాగుతుండె. అల్లం దంచి ఏపిచ్చుకొని, సగం గ్లాసు. నీకు చెప్పద్దని ఒట్టు ఏపిచ్చుకున్నడు."

యాదమ్మ కళ్లు చిట్లించి చూసింది.

"వాడు నీ లారీ మీద ఎప్పుడొచ్చిండు? బడికి పోతుండె గద."

"బడికి పోతున్నని చెప్పి నా తానకు వస్తుండె." అంజయ్య మెడలో కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. "స్టీరింగ్ నేనే పట్టిచ్చిన వదినా. వద్దంటే ఇనకపోయె. చెయ్యి మంచిగుండె. గేరు మారిస్తే ఎనక కూసున్నోనికి తెల్వకపోవు. నేనే అన్న, మిలిట్రీల డ్రైవర్లను తీసుకుంటున్నరు పోరా అని."

యాదమ్మ స్టూలు ఆయన వైపు జరుపుకుంది.

"మరి గిన్నేండ్ల సంది లారీల పోయిండు, లారీల పోయిండు అని నా చెవులల్ల ఎందుకు పోస్తివి అంజయ్యా?"

"నీ చెవులల్ల కాదు వదినా, నా చెవులల్లనే."

యాదమ్మ లేచి ఆయన దగ్గరికి వెళ్లింది. కొడుతుందేమో అనుకున్నాను.

"బడికి ఎగ్గొట్టి తిరుగుతున్నడని నాకెర్కలేదనుకున్నవా? అంగీకి డీజిల్ వాసన వస్తుండె. ఉతికింది నేనే గద." భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు పట్టిచ్చినవ్. వాడు ఇష్టపడి పట్టుకున్నడు. నీకేం పాపం?"

సుబేదార్ సాబ్ అప్పటికే అల్లం దంచుతున్నాడు. ఆ పనికి అంత గట్టిగా దంచనక్కర లేదు. సగం సగం గ్లాసులు పోసి గుంపంతటికీ పంచాడు. తర్వాత అందరినీ వరుసగా నిలబెట్టాడు. బంద్ చేయించే కుర్రాళ్లకు ఎవరో చెప్పినట్టు నిలబడటం కొత్త. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి భుజాలు వెనక్కి, గడ్డం పైకి సర్దాడు. నా దగ్గరికొచ్చి వంగిన వీపు వైపు చూసి, ఏమీ చేయలేనని వదిలేశాడు.

పేర్లు చదివాడు. కాగితం లేదు. తనవాళ్ల పేర్లు ఒక్కొక్కటి, ఊరితో సహా. వాటి మధ్యలో, చివర వేరుగా కాకుండా, సరిగ్గా మధ్యలో, అదే గొంతుతో: "సిపాయి డ్రైవర్ నర్సింలు, మెదక్." అక్కడ ఆగలేదు, తర్వాతి పేరుకు పోయాడు. ఆగకపోవడమే ఆమెకు కావలసింది. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. ఆ వరుసలో సరిగ్గా నిలబడింది బహుశా ఆమె ఒక్కతే.

పేర్లు అయ్యాక ముందున్న కుర్రాడు, తమకు అలవాటైన పద్ధతిలో, పిడికిలి ఎత్తి జోహార్ చెప్పాడు. నర్సింలన్నకు జోహార్ అని గుంపంతా అందుకుంది. ఖాళీ రోడ్డుమీద, రెండువైపులా అద్దాల మేడలకు తగిలి ఆ పేరు తిరిగి తిరిగి వచ్చింది. హైటెక్ సిటీలో ఒక మనిషి పేరు అంత దూరం వినబడాలంటే బంద్ ఉండాలేమో.

ఆ రోజు వదినా మరిది కలిసి నడుచుకుంటూ ఇంటికి పోయారు.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం నేను గేటు దాటుతుంటే యాదమ్మ సుబేదార్ సాబ్‌ను నిలదీస్తోంది.

"మా అంజయ్యకు మీరన్న చెప్పుండ్రి సాబ్. బస్తీల ఎవలు కనబడ్డా పట్టుకొని, మా నర్సింలుకు నేనే బండి నేర్పిన, నేనే నేర్పిన అని ఒకటే చెప్పుడు. చెవులు నొస్తున్నయి."

"చెప్పనియ్ అమ్మా. మంచిదే గద."

"గంతే అయితే మంచిదే. నిన్న కల్లు దుకాణం కాడ సుబేదారు అని చెప్పిండంట. మా నర్సింలు మిలిట్రీల సుబేదారు అని. వాడు ఉట్టి సిపాయి గద సాబ్. అబద్ధం గద."

సుబేదార్ సాబ్ ఎప్పుడూ ఎవరి అబద్ధాన్నీ గేటు దాటనిచ్చిన మనిషి కాదు. ఐడీ కార్డు మరిచిపోయి, ఇంట్లో పెట్టానని ఎంత చెప్పినా కంపెనీ పెద్దాయననే పక్కన నిలబెట్టాడు. అప్పుడు మాత్రం దూరంగా రోడ్డు వైపు చూస్తూ, వచ్చే బండికి గేటు ఎత్తాడు.

"ఉండనియ్ తల్లీ" అన్నాడు. "బతికుంటే అయ్యెటోడే గద."